చిన్నత్త పెండ్లినాటి బగారన్నం

మా తమ్ముడి బిడ్డ పెండ్లి వచ్చే నెల. మొన్న ఆ పిల్ల నా ఫోనుకు ఒక పట్టిక పంపింది. పెండ్లికొడుకు చర్చి ముందు కారు దిగేది నాలుగు గంటల పది నిమిషాలకు. పెండ్లికూతురు లోపలికి నడిచేది నాలుగూ ఇరవైకి. ప్రార్థనకు ఆరు నిమిషాలు, పాటకు నాలుగు, ఫొటోలకు నలభై. వాన పడితే ఏ దారిన రావాలో కూడా కింద రాసి ఉంది. కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాను. నవ్వు ఆగలేదు.

"ఎందుకత్తా నవ్వుతున్నవ్? ఏమన్న తప్పుందా అండ్ల?" అని ఫోనులో అడిగింది.

"తప్పేం లేదు బిడ్డా. మా చిన్నత్త పెండ్లి యాదికొచ్చింది" అన్నాను.

ఆ పెండ్లి సంగతి దానికి తెలియదు. వాళ్ళ నాన్నకు అప్పుడు ఆరేళ్ళు. ఏం తిన్నాడో తప్ప వాడికి ఇంకేదీ గుర్తులేదు. నాకు తొమ్మిదేళ్ళు. నాకు అన్నీ గుర్తున్నాయి.

మా ఇల్లు వరంగల్ స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో ఉండేది. వాడకట్టులో సగానికి పైగా మగ్గాలు నేసేవాళ్ళ ఇళ్ళే. తెల్లవారితే చాలు, టకటకమని మగ్గాల చప్పుడు, రంగునీళ్ళ వాసన, నూలుకు పట్టించే గంజి వాసన. ఆ ఇళ్ళ మధ్య క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే. వీధి చివర పెంకుల కప్పుతో చిన్న చర్చి. దానికి గంట లేదు. ఆవరణలోని వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవారు. ఆ మోతకు మగ్గాలు కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించేది.

ఇంటికి పెద్ద దిక్కు మా నాయినమ్మ. వయసులో ఉన్నప్పుడు ఆమె బైబిలమ్మగా పనిచేసింది. అంటే చంకలో గుడ్డ సంచి, చేతిలో గొడుగుతో ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేది. ఆడవాళ్ళను అరుగుల మీద కూర్చోబెట్టుకుని వాక్యం చదివి చెప్పేది, అక్షరాలు దిద్దించేది, పసిపిల్లల గజ్జికి మందు రాసేది. అలా ఊళ్ళు తిరిగే కాలంలోనే మా తాతను, ఇద్దరు పిల్లలను ఒకే వారంలో కలరా తీసుకుపోయిందట. మిగిలినవాళ్ళు మా బాపు, అంటే మా నాన్న, ఆయన చెల్లెలు చిన్నత్త. అప్పటికి చిన్నత్త ఇంకా పాలు తాగే పిల్ల. ఈ సంగతి నాయినమ్మ నోటి నుంచి నేను ఒకటి రెండుసార్లకు మించి వినలేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. "రేపు" అనే మాటను ఒంటరిగా పలికేది కాదు. రేపు దేవుని చిత్తమైతే పప్పు నానబోస్తా. రేపు దేవుని చిత్తమైతే బొంతలు ఉతుకుదాం. మా తమ్ముడు పొద్దున్నే చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "నాయినమ్మా, దేవుని చిత్తమైతే బయటికి పోయొస్తా" అనేవాడు. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది.

"నవ్వుండ్రి నవ్వుండ్రి. చిత్తం కాని దినం తెలుస్తది వానికి" అనేది.

ఆమె కడుపున పుట్టినా మా బాపు మాత్రం ఫికర్ల మనిషి. బట్టల మిల్లులో నేత విభాగంలో పనిచేసేవాడు. ఎండాకాలంలో కూడా గొడుగు పట్టుకుపోయేవాడు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూసేవాడు. ఆదివారం చర్చిలో నాయినమ్మ రేపటి గురించి చింతపడొద్దని చెప్తుంటే తల ఊపేవాడు. ఇంటికి రాగానే తల్లిని, "అవ్వా, పొయ్యి ఆర్పినవా?" అని అడిగేవాడు.

ఆ ఏడు చిన్నత్తకు, రైల్లో గంట దూరంలో ఉన్న నెక్కొండ నుంచి సంబంధం కుదిరింది. చిన్నత్త బాలబడిలో పంతులమ్మ. సన్నగా, పొడుగ్గా, గట్టి గొంతుతో ఉండేది. పెండ్లికొడుకు నెక్కొండ స్టేషన్‌లోనే రైళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చూడవచ్చిన రోజు చిన్నత్త కంగారులో పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. అతని తల్లి ఒక్క ముద్ద తిని నీళ్ళ చెంబు అందుకుంది. అతను మాత్రం తలవంచుకుని విస్తరి అంతా ఊడ్చి, "ఇంకొంచెం పప్పు ఎయ్యుండ్రి" అన్నాడు. తెల్ల అంగీ, సన్నటి మీసం, తడి దువ్వెనతో దువ్విన క్రాపు. పెండ్లినాటికి నాకు గుర్తున్న రూపం అదే. అప్పటికి ఆ ఒక్క పూటే చూశాను.

ఫలానావాళ్ళకు పెండ్లి, అభ్యంతరం ఉంటే చెప్పండి అని చర్చిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవాలి. మొదటి ఆదివారం చదివారు. రెండో ఆదివారం నాటికి రైళ్ళు ఆగిపోయాయి.

దేశమంతా రైల్వే కార్మికుల సమ్మె. ఎప్పుడూ కూత వినబడే ఊళ్ళో కూత లేకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. మా అమ్మ పది గంటల బండి కూతకు పొయ్యి మీద ఎసరు పెట్టేది; ఆ బండి రాక వంట వేళలు తప్పాయి. స్టేషన్ ముందు రిక్షాలన్నీ వరసగా నిలబడిపోయాయి. రిక్షా తొక్కేవాళ్ళు సీట్ల మీద ముడుచుకుని పడుకునేవాళ్ళు. కూలీలు ఎర్ర అంగీలు విప్పి భుజాన వేసుకుని ఊరికే తిరిగేవాళ్ళు. సమ్మె చేసేవాళ్ళను పట్టుకుపోతున్నారని ఒకరు, ఇక వాళ్ళకు ఉద్యోగాలు ఉండవని ఒకరు చెప్పుకునేవారు. పెండ్లికొడుకు కూడా సమ్మెలోనే ఉన్నాడు.

మూడో ప్రకటనకు ముందు రోజు చర్చి సంఘపెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. కుర్చీలో కూర్చుని, తువ్వాలతో విసురుకుంటూ, "అక్కా, నా మాటిను. పెండ్లి జర ఆపుండ్రి. రేపు ఆ పిల్లగాని నౌకరి ఉంటదో ఊడుతదో, ఆయన్నే జేల్ల ఏస్తరో తెల్వది. ఆగమైతది పిల్ల బతుకు" అన్నాడు.

మా బాపు ముఖం అప్పటికే పాలిపోయింది. ఆయన మూడు రోజులుగా అదే మాట ఇంట్లో అంటున్నాడు.

నాయినమ్మ వక్క కొరుకుతూ, "నౌకరి ఉన్నోళ్ళకు అది రేపు పోదని ఎవ్వరన్న రాసిచ్చిండ్రా తమ్మీ? నా పెనిమిటికి నౌకరి ఉండె. పానం లేకపాయె" అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "చేసుకునేది నేను గాదు, నువ్వు గాదు. పిల్లనడుగుదాం. ఓ బిడ్డా, ఏమంటవ్?" అని కేకేసింది.

చిన్నత్త పచ్చడికి మామిడికాయలు కొడుతోంది. కత్తిపీట మీద నుంచి లేవకుండానే గట్టిగా చెప్పింది.

"రెండుసార్లు ఉప్పేసిన పప్పు నోరెత్తకుంట తిన్నడవ్వా. గసొంటోడు మల్ల దొరుకుతడా?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సంఘపెద్ద కూడా నవ్వాడు. మూడో ప్రకటన చదివారు. ఆ తర్వాత నెక్కొండ నుంచి కార్డు వచ్చింది. రైళ్ళు లేకపోయినా లారీ మాట్లాడాం, పెండ్లి రోజు పదకొండు గంటలకల్లా నలభై మందిమి దిగుతాం అని రాశారు. మా బాపు ఆ కార్డును అంగీ జేబులో పెట్టుకుని గంటకోసారి తీసి చదివేవాడు.

పెండ్లికి ముందు రెండు రోజులు మాకు, అంటే నాకూ తమ్ముడికీ, స్వర్గమే. చర్చికి రంగు కాగితాల తోరణాలు అంటించే పని మాది. గిన్నెలో ఉడికించిన మైదా లై జిగురు వేడివేడిగా ఉండేది. కాగితాలకు పూసిన దానికంటే మా వేళ్ళకు అంటుకుని నోట్లోకి పోయినదే ఎక్కువ. ఇంట్లో అమ్మ, వాడకట్టు ఆడవాళ్ళు కలిసి గరిజెలు, అంటే కజ్జికాయలు, చేస్తున్నారు. బెల్లం, కొబ్బరి, యాలకుల వాసన చర్చి దాకా వచ్చేది. అమ్మ లెక్కపెట్టి డబ్బాలో పోసే లోపల మేము పదో పన్నెండో ఎత్తుకొచ్చాం. దాచడానికి చోటు దొరకలేదు. చర్చి హార్మోనియం వెనక చెక్క తీస్తే లోపల బోలెడంత ఖాళీ. అందులో పెట్టాం. అంత మంచి చోటు ప్రపంచంలో ఇంకెక్కడా లేదనుకున్నాం.

పెండ్లిరోజు తెల్లవారకముందే పెరట్లో రాళ్ళ పొయ్యిలు వెలిగాయి. మా పక్కింటి దర్జీ చాచా బావమరిది వచ్చి మేకలను కోసి ఇచ్చాడు. వాడకట్టులో ఏ శుభకార్యమైనా ఆయనే కోసేవాడు, హలాల్ అయితే అందరూ తినొచ్చని. పెద్ద గుండిగల్లో బగారన్నానికి లవంగాలు, పుదీనా వేగుతుంటే ఆ వాసనకు మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మాంసం కూర, పప్పుచారు, మామిడికాయ పచ్చడి. చిన్నత్త తెల్ల చీర కట్టుకుని, తలలో మల్లెపూలతో లోపలి గదిలో పీట మీద కూర్చుంది.

పదకొండయింది. పన్నెండయింది. చర్చిలో పాస్టరు అయ్యగారు తెల్ల అంగరఖా వేసుకుని, చెమటకు తడిసి, విప్పేశారు. నన్నూ తమ్ముడినీ చర్చి గోడ ఎక్కించి దారి చూడమన్నారు. లారీ కనబడితే పట్టా కొట్టాలి.

ఎండలో దారి చివర దుమ్ము లేచింది. పెద్ద దుమ్ము. "వచ్చిండ్రు!" అని అరిచి నేను గోడ దూకి పరుగెత్తి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని పట్టా కొట్టాను. మా బాపు దండలతో ఉరికొచ్చాడు. బ్యాండు మేళం వాళ్ళు ఊదడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు పళ్ళేలతో వరస కట్టారు. దుమ్ములోంచి గొర్రెల మంద వచ్చింది. నూటయాభై ఉంటాయి. ముందున్న పొట్టేలు మా బాపు చేతిలోని బంతిపూల దండను కొరికి లాక్కుంది. గొర్లకాపరి బ్యాండు చూసి హడలిపోయి, "ఏమైందయ్యా? ఏమైంది?" అని అడిగాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే, "గొర్లయినా వస్తాయి గానీ నువ్వు రావు" అనేవాళ్ళు.

అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రెండయింది. మా బాపు సైకిల్ తీసుకుని నెక్కొండ దారిలో కొంతదూరం వెళ్ళి వచ్చాడు. లారీ జాడ లేదు. వచ్చి పందిరి గుంజకు ఆనుకుని కూలబడ్డాడు.

"అయిపోయిందవ్వా. ఆ పిల్లగాన్ని పట్టుకపోయినట్టున్నరు. ఇగ రారు."

నాయినమ్మ గుండిగల దగ్గరికి వెళ్ళి, మూత తీసి, వాసన చూసింది. మూత పెట్టింది. పందిట్లోకి వచ్చి కొడుకు ముందు నిలబడింది.

"మాంసం పొద్దుమీకి దాక ఆగది. ఇస్తర్లు ఎయ్యుండ్రి."

"ఎవరికి? పెండ్లోళ్ళు రాకముందే పెండ్లి బువ్వనా? ఆళ్ళు ఇంక అర్ధగంటకు వస్తే ఏం బెడ్తం?"

"వస్తే మల్ల వండుదాం. ప్రభువు చెప్పిన కథల ఏముండె? పిలిచినోళ్ళు రాకపోతే బువ్వ పారబోసిండ్రా? తొవ్వల పోయెటోళ్ళను పిలిచిండ్రు. టేషన్ కాడ రిక్షావోళ్ళు పన్నెండు దినాల సంది ఖాళీ కడుపుల మీదున్నరు. పిల్లలను తోలు."

"లోకం నవ్వుతదవ్వా."

"తిన్నంక నవ్వనీ. ఆకలితోటి ఎట్ల నవ్వుతరు?"

నేనూ తమ్ముడూ స్టేషన్‌కు పరుగెత్తాం. "మా నాయినమ్మ బువ్వకు రమ్మంటాంది!" అని రిక్షాల వరస పొడుగునా అరిచాం. ముందు ఎవరూ నమ్మలేదు. ఒక ముసలాయన లేచి, "ఎవ్వరి పెండ్లి బిడ్డా?" అని అడిగాడు. "మా చిన్నత్తది. ఇంక కాలేదు. మీరు తినుండ్రి" అన్నాను. వెనక్కి వచ్చేటప్పుడు మా ఇద్దరినీ రిక్షాలో కూర్చోబెట్టుకున్నారు. మా వెనక ఇరవై రిక్షాలు, నడిచొచ్చే కూలీలు. ఆ రోజు వరంగల్‌లో అంత పెద్ద ఊరేగింపు ఇంకోటి లేదు.

వడ్డన మొదలైంది. మగ్గాల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని వచ్చారు. పక్కన ఉండే మగ్గం పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి తానే గరిటె అందుకుంది. అమ్మ ఉప్పు తెమ్మంటే నేను లోపలికి పోయాను. చిన్నత్త ఉన్న గది తలుపు ఓరగా ఉంది. నాయినమ్మ కింద కూర్చుని ఉంది. చిన్నత్త పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పారాణి మీద చేతులు వేసి, శబ్దం లేకుండా ఏడుస్తోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చిన్నత్త ఆమె తల మీద చెయ్యి వేసి గోడ వైపు చూస్తోంది.

నాయినమ్మ ఏడవడం అంతకు ముందు నేను చూడలేదు. కదలకుండా నిలబడిపోయాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"ఏం సూస్తానవ్? ఉప్పు ఆ గూట్ల ఉన్నది. తీస్కపో."

ఉప్పు తీసుకుని నేను వచ్చేసరికి, నా వెనకే ఆమె కూడా పందిట్లోకి వచ్చి, "ఆ మూలకు కూర రాలేదు, సూడుండ్రి" అని కేకలు వేస్తోంది.

నాలుగున్నరకు గుండిగలు అడుగంటాయి. రిక్షా ముసలాయన చేతులు కడుక్కుని, చర్చి వైపు తిరిగి దండం పెట్టి, మా వైపు తిరిగి ఇంకో దండం పెట్టి వెళ్ళిపోయాడు. పందిరి ఖాళీ అయింది. అయ్యగారు మా బాపును పక్కకు పిలిచి, చర్చి పెండ్లి చట్టం ప్రకారం ఏడు గంటలలోపు జరగాలని, ఏడు దాటితే ఇవాళ కుదరదని మెల్లగా చెప్పారు.

నేను చర్చి గేటు దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. ఆరు కావస్తోంది. దారిన ఆరేడు సైకిళ్ళు వచ్చాయి. తొక్కేవాళ్ళందరూ తలకూ మూతికీ తువ్వాళ్ళు చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనబడేలా, నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రటి దుమ్ముతో ఉన్నారు. ఒక సైకిల్ వెనక క్యారియర్ మీద ఒక ముసలామె, తల మీద తడిగుడ్డతో. ముందున్న మనిషి దిగి, గొంతు ఎండిపోయి, బొంగురుగా అడిగాడు.

"పాపా, నీళ్ళున్నయా?"

వీళ్ళూ స్టేషన్ వాళ్ళే, బువ్వ మాట విని వచ్చారనుకున్నాను.

"నీళ్ళున్నయ్. బువ్వ అయితే అయిపోయింది. ఇయ్యాల మా ఇంట్ల పెండ్లి ఉండె. పెండ్లికొడుకు రాలే. అందరం తినేసినం. మీరు రేపు రాండ్రి, దేవుని చిత్తమైతే వండుతరు" అన్నాను.

ఆ మనిషి సైకిల్‌ను గేటుకు ఆనించాడు. తర్వాత తువ్వాల విప్పాడు. దుమ్ము కింద సన్నటి మీసం కనబడింది.

"రేపటిదాక ఎట్లాగాలె పాపా? పెండ్లికొడుకును నేనే" అన్నాడు.

నేను పట్టా కొట్టలేదు. ఇంటికి ఉరికాను. "పెండ్లికొడుకొచ్చిండు!" అంటే మా బాపు, "గొర్లా?" అని మాత్రం అన్నాడు, కూర్చున్నచోటి నుంచి లేవకుండా.

రైళ్ళు లేక లారీలకు గిరాకీ పెరిగి, వీళ్ళు మాట్లాడుకున్న లారీ పొద్దున రానే లేదట. వచ్చిన బస్సు కిక్కిరిసి ఆగలేదట. నలభై మందిలో సైకిళ్ళు ఉన్న ఏడుగురు, క్యారియర్ మీద తల్లి, బయలుదేరారు. మూడు పంచర్లు. మధ్యలో తల్లికి ఎండదెబ్బ తగిలితే ఒక ఊళ్ళో రెండు గంటలు మామిడితోటలో పడుకోబెట్టి, ఉల్లిపాయ నీళ్ళు తాగించి, మళ్ళీ ఎక్కించుకుని వచ్చారు.

"వాపసు పోదామంటే ఇననే ఇనలేదు వదినె," అంది ఆ తల్లి, మా నాయినమ్మ చెయ్యి పట్టుకుని. "'పిల్ల కూసోని ఉంటదే అవ్వా' అని ఒకటే మాట."

ఏడుకు యాభై నిమిషాలుంది. అందరూ ఒకేసారి పరుగెత్తారు. పెండ్లికొడుకును బోరింగు కింద కూర్చోబెట్టి బిందెలు గుమ్మరించారు. సైకిల్‌కు కట్టి తెచ్చిన మూట విప్పితే, పెండ్లి ప్యాంటు చెయినులో పడి మోకాలి దాకా చినిగి గ్రీసు పట్టింది. దర్జీ చాచా, "ఫికర్ మత్ కరో, బేటా" అంటూ దుకాణంలోకి పోయి, ఎవరికో కుట్టి ఉంచిన కొత్త ప్యాంటు తెచ్చాడు. అది జానెడు పొడుగు. చాచా నేల మీద కూర్చుని, నోట్లో సూదులు పట్టుకుని, పెండ్లికొడుకు కాళ్ళ మీదనే మడిచి కుట్టాడు. "హిలో మత్, కదలకు బేటా" అంటుంటే పెండ్లికొడుకు ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

చర్చిలో మేము అంటించిన రంగు కాగితాలు ఎండకు సగం ఊడి వేలాడుతున్నాయి. అయ్యగారి భార్య హార్మోనియం ముందు కూర్చుంది. చిన్నత్త నడిచి వస్తుంటే పాట ఎత్తుకుంది. ఒక్క చరణం కాకముందే హార్మోనియం మెట్ల సందుల్లోంచి ఎర్రచీమలు బారులు తీరి బయటికొచ్చాయి. అమ్మగారు పాడుతూనే చెయ్యి విదిలించింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ విదిలించింది. పాట ఆగుతూ, ఎగురుతూ నడిచింది. తమ్ముడు నా చెవిలో, "మన గరిజెలు" అన్నాడు. నేను వాడి నోరు మూశాను. ఈ సంగతి మా అమ్మకు చివరిదాకా తెలియదు.

అయ్యగారు ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టి చదివారు. కష్టంలోనూ సుఖంలోనూ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెండ్లికొడుకు గొంతు దుమ్ముకు పెగల్లేదు. చిన్నత్త తానే గట్టిగా తన వంతు చెప్పి, అతని వైపు వంగి మెల్లగా, "నీళ్ళు తాగుతవా?" అంది. చర్చంతా వినబడింది. నీళ్ళు తాగి అతనూ తన వంతు చెప్పాడు. సిలువ ఉన్న పుస్తె కట్టి, రిజిస్టరులో సంతకాలు పెట్టేసరికి ఏడుకు అయిదు నిమిషాలుంది. మా బాపు అప్పుడు ఏడ్చాడు, అందరి ముందే, చిన్నపిల్లవాడిలా.

ఇక వచ్చినవాళ్ళకు తిండి. మళ్ళీ వండుదామని నాయినమ్మ పొయ్యి వెలిగించబోయింది. మగ్గం పెద్దమ్మ ఆపింది.

"ఆగు అక్కా. మా ఇంట్ల జొన్నరొట్టెలున్నయ్."

ఆమె వెళ్ళి రొట్టెలు తెచ్చింది. ఎదురింటివాళ్ళు పచ్చిపులుసు తెచ్చారు. ఇంకొకరు మామిడికాయ పప్పు, ఒకరు శనగ గుడాలు, ఒకరు సర్వపిండి. చాచా భార్య గిన్నెడు కీమా పంపింది. ఒక్కో ఇంట్లో ఆ పూట వండుకున్నది ఒక్కో గిన్నెలో వచ్చింది. పెండ్లి విస్తరిలో పదకొండు రకాలు. కొత్త మామ వాటిలో దేన్నీ వదల్లేదు. మగ్గం పెద్దమ్మ, "ఉప్పు సరిపోయిందా అల్లుడా?" అని అడిగితే చిన్నత్త తలవంచుకుని నవ్వింది.

సమ్మె ముగిసింది. రైళ్ళు నడిచాయి. భయపడినట్టే మామ ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు నెక్కొండలో సైకిళ్ళు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. సైకిల్ గురించి ఆ ఒక్క దినమే నాకు అంతా నేర్పింది అనేవాడు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో మళ్ళీ పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ మధ్య చిన్నత్త బాలబడి జీతంతోనే ఇల్లు నడిచింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళింట్లో కష్టం ఉండేది గాని, నేను సెలవులకు పోయినప్పుడల్లా నవ్వులే విన్నాను.

నాకు ఇరవై ఏళ్ళు నిండాక దూరపు ఊళ్ళో నర్సు ఉద్యోగం వచ్చింది. వెళ్ళనా వద్దా అని నెలరోజులు నలిగాను. మా బాపు పోలికే మరి. అప్పటికి నాయినమ్మ మంచం దిగడం లేదు. చూపు తగ్గింది. చేతులతో నా ముఖం తడిమేది. ఆమె పక్కన కూర్చుని అడిగాను.

"నాయినమ్మా, చిన్నత్త పెండ్లినాడు పెండ్లికొడుకు వస్తడని నీకు ముందే తెలుసా? ప్రార్థనల ఏమన్న తెలిసిందా?"

"నాకేం తెలుసు? వస్తడో రాడో నాకేం తెల్వది. పానం వణికిపోయింది బిడ్డా. నువ్వు చూడనే చూసినవ్ గద."

అంటే ఉప్పుకోసం వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లను ఆమె మరిచిపోలేదు.

"మరి అంత ధైర్యంగ ఇస్తర్లు ఎట్ల ఎయ్యమన్నవ్?"

"ధైర్యం ఏడున్నది? దేవుడు నాకు చూపెట్టింది రేపటిది గాదు. ఆ పూట చెయ్యవలసిందే చూపెట్టిండు. బువ్వ ఉన్నది, ఆకలైనోళ్ళు ఉన్నరు. అదొక్కటే కండ్లకు కనబడ్డది."

"ఇప్పుడు నాకు ముందేముందో తెల్వక భయమైతాంది నాయినమ్మా. జర ముందే తెలిస్తే ఎంత మంచిగుండు!"

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. తర్వాత కళ్ళు మూసుకునే నవ్వింది.

"తెల్వకపోవుడే మంచిదాయె బిడ్డా. పిల్లగాడు పొద్దుమీకి వస్తడని ముందుగాల తెలిస్తే, మనం పొద్దుగాల పొయ్యే ముట్టియ్యకపోదుము. గంత మంది మన ఇంట్ల ఎప్పుడు తింటుండిరి?"